భర్త పేరు అడిగితే తలుపు చూపించింది

పెరటాసి నెల రెండో శనివారం, పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలు. నిమిషాలతో సహా ఎలా చెబుతున్నానంటే, ఆ వేళను కాగితం మీద రాసింది నేనే. పెద్ద పెద్ద అక్షరాలు, గడి దాటిపోయే అంకెలు, చూడగానే ఎవరి రాతో తెలిసిపోతుంది. ఆ వేళకు కిందనే ఒక పెద్ద తప్పు కూడా నా చేత్తోనే రాశాను. దాని గురించి చెప్పడానికే ఇదంతా.

నర్సింగు చదివే పిల్లలూ, కొత్తగా తెల్లకోటు తొడుక్కున్న డాక్టర్లూ, ఇది మీ కోసం. నేను డాక్టరును కాను, నర్సును కాను. తిరుపతిలో ఒక ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు ఆయాగా పనిచేశాను. మంచాలు దులిపాను, బెడ్‌పాన్లు కడిగాను, ముసలివాళ్ళను పక్కకు తిప్పి వీపు తుడిచాను, తలలు దువ్వాను. నలభై రెండేళ్ళ దాకా నాకు అక్షరం ముక్క రాదు. రోగుల్ని చీర రంగును బట్టి గుర్తుపెట్టుకునేదాన్ని. చీర మార్చిన రోజున అవస్థే. మా కాలనీలో ఒక పంతులమ్మ సాయంత్రాలు పెద్దవాళ్ళకు చదువు చెబితే అక్కడ నేర్చుకున్నాను. ఆలస్యంగా వచ్చిన చదువు కాబట్టి నాకు అది నగ లాంటిది. నలుగురిలో పెట్టుకోవాలని ఉంటుంది. ఆరోజు నన్ను ముంచింది ఆ సరదానే.

రిటైరై రెండేళ్ళు ఇంట్లో కూర్చున్నాక మళ్ళీ కబురొచ్చింది. ఆసుపత్రిలో కొత్తగా ఒక మేడం చేరారు. ముసలివాళ్ళ జబ్బుల డాక్టరు. సముద్రం పక్క ఊరి మనిషి, మెత్తగా మాట్లాడుతుంది, మా యాస విని నవ్వుకుంటుంది. నర్సులకూ డాక్టర్లకూ ఆమె ఒక శిక్షణ మొదలుపెట్టారు. ముసలివాళ్ళ ఆచారాలూ, అలవాట్లూ, మాటతీరూ తెలుసుకుని వైద్యం చేయడమెలా అని. “పుస్తకంలో ఉండేది నేను చెబుతాను, వార్డులో ఉండేది మీరు చెప్పండి” అన్నారు నాతో. ముప్పై ఏళ్ళలో నన్ను ‘మీరు’ అన్న మొదటి డాక్టరు ఆమే. వెంటనే ఒప్పేసుకున్నాను.

క్లాసులో నా పని రోగి వేషం వేయడం. మంచం మీద పడుకుని మూలగాలి, పిల్లలు వచ్చి నన్ను పలకరించాలి. మొదటి రోజు ఒక పిల్ల వచ్చి, “అమ్మా, మీ నొప్పి పదిలో ఎంత?” అని అడిగింది.

“పదిలో ఎంతేంది పాపా? మూరల్లో చెప్పాల్నా, సేర్లల్లో చెప్పాల్నా?” అన్నాను.

క్లాసంతా నవ్వింది. నవ్వించడానికి అనలేదు నేను. ముప్పై ఏళ్ళు ముసలివాళ్ళు ఆ ప్రశ్నకు తెల్లమొహం వేయడం చూశాను. నొప్పి ఎంతుందో తెలియాలంటే అంకె అడిగితే చాలదు, రాత్రి నిద్ర పట్టిందా అని అడగాలి, అన్నం ముద్ద దిగిందా అని అడగాలి. మేడం అది రాసుకున్నారు. నేను చెప్పింది ఒక డాక్టరు రాసుకోవడం చూసి నాకు తల తిరిగిపోయింది.

ఆ ఊపులో మేడం అడిగితే ఆచారాల జాబితా ఒకటి చెప్పాను. పద్నాలుగు వరసలు. గుడి కైంకర్యం చేసే ఇంటి పెద్దాయన నొసటి నామాన్ని అడక్కుండా తుడవవద్దు. మాత్రను ఎడమ చేత్తో ఇవ్వవద్దు. ఉత్తరం వైపు తల పెట్టి పడుకోబెట్టవద్దు. పెద్దామె కాలి మెట్టెలు తీయాల్సి వస్తే తీసి ఆమె చేతికే ఇవ్వాలి, గిన్నెలో వేయవద్దు. ఇలాంటివి. మేడం దాన్ని అచ్చు వేయించి, పైన ప్లాస్టిక్ తొడిగించి, వార్డు గోడకు అంటించారు. అడుగున నా పేరు. పొద్దున్నే వచ్చి దాని ముందు ఒక నిమిషం నిలబడేదాన్ని. అద్దం చూసుకున్నట్టే.

ఇక ఆమె సంగతి.

సత్యవేడు దగ్గరి పల్లె నుంచి వచ్చిందామె. డెబ్బై దాటినట్టే ఉంటుంది. కొట్టం దగ్గర తడి నేల మీద జారిపడి తుంటి ఎముక విరిగింది. వచ్చి నాలుగు రోజులైంది. ఎముకల డాక్టరు ఆపరేషన్ చేయాలనే అన్నాడు గానీ గుండె కొంచెం బలహీనంగా ఉంది. “ప్రమాదం లేకపోలేదు. తర్వాత నడుస్తుందనుకుంటే చేయొచ్చు. నడవాలంటే మేం చెప్పింది అర్థం చేసుకుని, నొప్పి ఓర్చుకుని, రోజూ అడుగులు వేయాలి. బుద్ధి నిలకడగా లేకపోతే అది జరగదు. ఊరికే కోసి పడుకోబెట్టినట్టవుతుంది” అని ఆయన మాట.

బుద్ధి మీద ఎందుకు అనుమానం వచ్చిందంటే, ఆమె గంటకోసారి సిస్టరును పిలిచి, “ఉండాడా? ఆడనే ఉండాడా?” అని అడిగేది. ఎవరని అడిగితే చెప్పేది కాదు. తలుపు వైపే చూసేది. సిస్టరు కేస్‌షీటులో ‘అయోమయం’ అని రాసింది. అందుకని జ్ఞాపకశక్తి పరీక్ష చేయమని ఎముకల డాక్టరు మేడంను అడిగాడు. ముసలామె పెద్దకొడుకుది శ్రీ సిటీలో ఫ్యాక్టరీ పని. శనివారం ఒంటిగంటకు వస్తానన్నాడు. అతను వచ్చేసరికి రెండు కాగితాల్లో ఏదో ఒకటి సిద్ధంగా ఉండాలి. ఆపరేషన్‌కు ఒప్పుకోలు కాగితమా, మంచం మీదనే ఇంటికి తీసుకుపోయే కాగితమా.

నిజం చెప్పాలంటే, ముందురోజు ఆమె తల దువ్వింది నేనే. దువ్వుతూ ఉంటే తన కనకాంబరం తోట గురించి చెప్పింది. ఏ మడి ముందు నాటిందీ, ఏ మడికి తెగులు వచ్చిందీ, పూలు ఏ బస్సులో వేస్తే వాడకుండా చేరేదీ. నేను బెడ్‌పాన్ తెస్తే మాత్రం మొహం చిట్లించుకుంది.

“ఏమ్మే, నాకు తోట లేకపోయినా సరే, పూలు లేకపోయినా సరే. నా కాళ్ళతో నేను దొడ్డికి పోవాల. ఒకరు గిన్నె పట్టుకోని నిలబడే బతుకు నాకొద్దు” అంది.

“నేను ముప్పై ఏండ్లు పట్టుకున్నానక్కా. నాకేం చేతులు అరిగిపోలే” అన్నాను.

“పట్టుకునేదానికి నువ్వు బాగనే ఉంటివి. పట్టించుకునేదాన్ని నేను కదా!”

అంత సూటిగా మాట్లాడిన మనిషి. మరునాడు పొద్దున అదే మనిషికి నేను సున్నాలు వేశాను.

శనివారం మేడం ఆ పరీక్షనే క్లాసుగా పెట్టారు. మంచం చుట్టూ ఇరవై మంది పిల్లలు. ప్రశ్నలు అడిగేది చిత్తూరు నుంచి వచ్చిన ఒక చురుకైన పిల్ల. “ఈరోజు జవాబులు ఆయమ్మ రాస్తుంది” అని మేడం అట్టా, కాగితం, పెన్నూ నా చేతికిచ్చారు. ఇరవై మంది ముందు! పెన్ను మూత తీయడానికి రెండు నిమిషాలు పట్టింది నాకు.

“అవ్వా, మూడు మాటలు చెప్తా, గుర్తుపెట్టుకో. మళ్ళీ అడుగుతా. తాళం, బస్సు, బెల్లం” అంది పిల్ల.

“సరే.”

“ఈరోజు ఏ వారం?”

“శనివారం. పెరటాసి శనివారం.”

ఒప్పు.

“ఏ నెల?”

“పెరటాసి అంటిని కదమ్మా.”

మా వైపు వాడే తమిళ లెక్కలో పెరటాసి సెప్టెంబరు సగంలో మొదలయ్యే నెల. కాగితంలో సెప్టెంబరు అని ఉంది. పెరటాసి అని ఎక్కడా లేదు. తప్పు గుర్తు పెట్టాను. పెరటాసి అంటే ఏమిటో తెలియని మేడం నా వైపు చూశారు. తెలిసిన నేను కాగితం వైపు చూశాను.

“మనం ఇప్పుడు ఏ ఊర్లో ఉండాము?”

ఆమె పైకప్పు వైపు చూసింది. “కొండ కింద.”

“కొండ కింద అంటే? ఊరి పేరు?”

“అదే, కొండ కింద ఊరు.”

“పేరు చెప్పవ్వా.”

“నీకు తెలీదా?”

తప్పు.

“మీ ఇంటాయన పేరు?”

ఆమె పమిట కొంగు తల మీదికి లాక్కుంది. మా అందరి మొహాలూ ఒకసారి చూసింది. వేలెత్తి తలుపు చూపించింది.

“ఆడ.”

“ఆడ అంటే?”

“ఆడనే.”

నేను గుండ్రటి అక్షరాలతో రాశాను: ‘భర్త పేరు అడిగితే తలుపు చూపించింది.’ ఒక్క తప్పు లేకుండా రాశానని సంతోషం కూడా వేసింది. ఆ వాక్యంలో వత్తు కూడా ఉంది మరి.

“పెద్దకొడుకు పేరేంది అవ్వా?”

“పెద్దోడు.”

“అట్ల కాదు, అసలు పేరు.”

“పెద్దోడే.”

“బడిలో ఏమని రాయించినారు?”

“పొండే మీరంతా!” అని గోడ వైపు మొహం తిప్పేసుకుంది. ఇంక మూడు మాటలు అడిగితే పలకలేదు. అక్కడ కూడా మూడు సున్నాలు వేశాను. అన్నీ కూడితే సగం మార్కులు కూడా రాలేదు.

వార్డు చివర బల్ల దగ్గర అందరం చేరాం. ఎముకల డాక్టరు కూడా వచ్చాడు. మా జిల్లా మనిషే, పొడుగ్గా ఉంటాడు, ఎప్పుడూ తొందరలో ఉంటాడు. కాగితం చూసి, “ఇంతేనా? సరే, నేను రాసేస్తా. ఒంటిగంటకు కొడుకొస్తాడు” అని కుర్చీ లాక్కున్నాడు.

మేడం ఒక్క నిమిషం ఆగమన్నారు. పిల్లల వైపు తిరిగి, “భర్త పేరు అడిగితే తలుపు చూపించడం. దీన్ని ఏమనుకోవాలి?” అని అడిగారు.

ఒక అబ్బాయి బయటికి పారిపోవాలనే తపన అన్నాడు. ఇంకొక పిల్ల ఇది ఆసుపత్రి అని తెలియకపోవడం అంది. ఇంకొకరు ఇంగ్లీషులో ఏదో అన్నారు, అది నాకు అర్థం కాలేదు గానీ తల ఊపాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. పెద్దమనిషినిగా నేనూ ఒక మాట వేశాను: “ముసిలోళ్ళకు ఇంటి మింద ధ్యాస. వాళ్ళకు తలుపంటే ఇంటి దోవ.”

పిల్లలు అది కూడా రాసుకున్నారు. పాపం.

డాక్టరు మంచినీళ్ళు అడిగాడు. నేను చెంబు తీసుకుని తలుపు తోసుకుని బయటికి వచ్చాను. వరండాలో బెంచీ మీద ఒక ముసలాయన కూర్చున్నాడు. తెల్ల పంచె, ఒళ్ళో గుడ్డ సంచి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

“అమ్మా, మా ఇంట్లో ఉండేది లోపలుండాది. ఏమన్నా తినిందా?”

“నువ్వెవురన్నా? ఎప్పుడొచ్చినావు?”

“నాలుగు దినాలాయ. ఈడనే ఉండా. ఆడోళ్ళ వార్డంట కదా, లోపలికి వదల్లా. లోపల్నించి మాత్రం అప్పుడప్పుడు దాని గొంతు ఇనిపిస్తాది.”

“నీ పేరు చెప్పన్నా. సిస్టరుతో మాట్లాడి చీటీ రాయిస్తా.”

చెప్పాడు. ఆ పేరు ఇక్కడ రాయను. ఈ ఊరి పేరుకు చివర ‘అయ్య’ అని కలిపితే ఆయన పేరు, అంతవరకు చాలు.

చెంబు చేతిలోనే ఉంది. నీళ్ళ సంగతి మర్చిపోయాను.

“పెద్దకొడుకు పేరేందన్నా?” అని అడిగాను, జవాబు నాకు అప్పటికే తెలిసిపోయినా.

“మా నాయన పేరే పెట్టినాం. ఏమ్మా, కాగితాల్లో ఏమన్నా తప్పు పడిందా?”

“పడిందన్నా. బాగా పడింది.”

మొగుడి పేరు అనకూడదు. మొగుడి పేరే ఊరి పేరైతే ఊరి పేరు కూడా అనకూడదు. మామ పేరు అనకూడదు, ఆ పేరు కొడుక్కు పెడితే కొడుకును పెద్దోడు అనాల్సిందే. ఇది ఎవరో చెబితే తెలుసుకోవాల్సిన సంగతా నాకు? నేనేం పట్నంలో పుట్టానా? పంతులమ్మ మొదటి రోజున మీ ఆయన పేరేమిటని అడిగితే నేను నేల చూపులు చూశాను. పక్కింటామె నా తరఫున చెప్పింది. నోటితో అనకూడదు గానీ చేత్తో రాయొచ్చు కదా అని, అక్షరాలు వచ్చాక పలక నిండా ఆ పేరే రాసుకున్నదాన్ని. ‘ఉండాడా, ఆడనే ఉండాడా’ అని ఆమె గంటకోసారి అడిగింది ఎవరి గురించో, తలుపు దాటి నాలుగడుగులు వేస్తే తెలిసేది. నాలుగు రోజుల్లో మాలో ఒక్కరమూ ఆ ప్రశ్న పట్టుకుని తలుపు దాటలేదు. ఆమె సరైన జవాబే చెప్పింది. అడిగింది పేరు, ఆమె మనిషినే చూపించింది. చేతికి కాగితం రాగానే నా కళ్ళు రెండూ గడుల్లోకి పోయాయి. మనిషి మొహం చూడడం మానేశాను.

వరండాలో నిలబడి పకపకా నవ్వాను. ముసలాయన భయపడ్డాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. లోపల డాక్టరు పెన్ను తీసి ఉంటాడని గుర్తొచ్చింది.

నీళ్ళు లేని చెంబుతోనే లోపలికి పరుగెత్తాను. రెండో కాగితం మీద ఆయన రాయడం మొదలుపెట్టేశాడు.

“సార్, ఆపండి. ఆ కాగితం తప్పు.”

“ఏం తప్పు ఆయమ్మా?”

“రాసిన మనిషి తప్పు. అంటే నేనే.”

ఇరవై మంది పిల్లలు నన్ను చూస్తున్నారు. పొద్దున ఎంత బాగుండిందో ఆ చూపు, ఇప్పుడంత గుచ్చుకుంది. అయినా చెప్పాను. బయట బెంచీ, ముసలాయన, ఆయన పేరు, ఆయన నాయన పేరు. చెప్పడం అయిపోయేసరికి చిత్తూరు పిల్ల గోడ వైపు వేలు పెట్టింది.

“ఆయమ్మా, అది మీ కాగితంలో తొమ్మిదోది కదా!”

అందరూ గోడ వైపు తిరిగారు. మేడం పైకి చదివారు: “తొమ్మిది. పెద్దామెలు భర్త పేరు నోటితో చెప్పరు. పదేపదే అడగవద్దు.” అడుగున నా పేరు కూడా చదివారు. అది చదవకపోయినా జరిగేది.

నవ్వులు వార్డు దాటి పోయాయి. నేనూ నవ్వాను, వేరే దారి లేక.

ఎముకల డాక్టరు మాత్రం నవ్వలేదు. “సరే ఆయమ్మా. ఆచారమని చెప్పకుండా ఉండొచ్చు. మర్చిపోయి కూడా చెప్పకుండా ఉండొచ్చు. ఏదని నేనెట్ల నమ్మేది? గుండె బాగలేని మనిషిని బల్ల మింద పడుకోబెట్టాల్సింది నేను.”

ఆయన అడిగింది న్యాయం. ఆ మాట మీకూ చెబుతున్నాను. ఆచారం ఉందని తెలిసినంత మాత్రాన జబ్బు లేదని కాదు.

“మా పంతులమ్మ దగ్గర పక్కింటామె చెప్పినట్టు చేద్దాం సార్. పేర్లు నేను చెప్తా. ఆమె అవునా కాదా అంటే చాలు కదా” అన్నాను.

ఆయన గడియారం చూసుకున్నాడు. పన్నెండున్నర. “పదండి” అన్నాడు.

పిల్లల్ని దూరంగా నిలబెట్టి, నేను మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆమె ఇంకా గోడ వైపే ఉంది.

“అక్కా, ఇట్ల తిరుగు. నాది తప్పాయ. నీ ఇంటాయన పేరు నేనే చెప్తా. కాదంటే కాదను. మునెప్పా?”

గోడ వైపు నుంచే జవాబొచ్చింది. “వాడు మా మరిది. పోయి మూడేండ్లాయ.”

“అయితే గోయిందయ్యనా?”

ఈసారి మొహం తిప్పింది. “వాడెవుడే! ఎగవింటోడు. వాడి మొహానికి పెండ్లామే నిలవలా, నాకు అంటగడతావా?”

“సుబ్రమణ్యమా?”

“ఆయన మా ఊరి బడిలో అయ్యవారు. మంచోడే గానీ మనోడు కాదు.”

దూరంగా పిల్లలు నోళ్ళు మూసుకుని కిందా మీదా అవుతున్నారు. డాక్టరు పెదవి కూడా కదిలింది. అప్పుడు వరండాలో విన్న పేరు చెప్పాను. ఆమె కొంగుతో నోరు మూసుకుంది. కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి, పెండ్లికూతురి కళ్ళు.

“ఆమా,” అంది చిన్నగా. “ఆయన్నే. గట్టిగా అనొద్దే, బయట ఇంటాడు.”

“ఇప్పుడు మనముండే ఊరు?”

“ఇప్పుడే చెప్పితివి కదే నువ్వు!”

మేడం ముందుకొచ్చి ఏదో అడగబోయారు. ఆమె చెయ్యెత్తి ఆపింది. “తాళం, బస్సు, బెల్లం. ఇందాక ఆ పాప చెప్పింది. మీరు మర్చిపోయినట్టుండారు, అందుకని నేనే చెప్తా ఉండా.”

చిత్తూరు పిల్ల చప్పట్లు కొట్టింది. ఆ పిల్ల నిజంగానే మర్చిపోయిందట, తర్వాత ఒప్పుకుంది.

ఎముకల డాక్టరు నన్ను లేపి స్టూలు మీద తను కూర్చున్నాడు. ఆయన రోగి పక్కన కూర్చోవడం నేను చూసింది అదే మొదలు. ఏదీ దాచకుండా చెప్పాడు. గుండె సంగతీ, ప్రమాదం సంగతీ, తర్వాత రోజుల తరబడి అడుగులు వేయించే సంగతీ. “ఏడుపొస్తాదవ్వా. వద్దంటే కూడా మేం నడిపిస్తాం. ఓర్చుకుంటావా?”

“నడిచేది నేను, నొప్పి నాది. మధ్యలో నువ్వేల భయపడతావప్పా?”

“నీ కొడుకొచ్చినాక అడిగి...”

“వాడినేందడిగేది? ఇరిగింది వాడి కాలా?”

డాక్టరు తను రాస్తున్న కాగితాన్ని మధ్యకు చించేశాడు. మొదటి కాగితం తెమ్మన్నాడు, సిరాడబ్బా తెమ్మన్నాడు. నా పరీక్ష కాగితంలో నా వాక్యాన్ని నేనే కొట్టేశాను. కొట్టేసి పక్కన సంతకం పెట్టమన్నారు మేడం, అది పద్ధతట. పెట్టాను. అంత సిగ్గుపడుతూ నేను పెట్టిన సంతకం ఇంకొకటి లేదు.

సిస్టరు వెళ్ళి ముసలాయనను లోపలికి పిలుచుకొచ్చింది. ఆయన మంచం దగ్గరికి రాకముందే ఈమె మొదలుపెట్టింది.

“నాలుగు దినాలుగా ఆ పంచెనేనా? నీళ్ళు దొరకలేదా ఈ ఊర్లో?”

“నువ్వు తింటివా?” అన్నాడాయన.

“ఈళ్ళు పెట్టేది తిండా? ఆ సంచిలో ఏముండాదో తియ్యి.”

సోమవారం ఆపరేషన్ జరిగింది. మూడో రోజున వాకరు పట్టుకుని నిలబడింది. నడిపించే పిల్లలను తిట్టిన తిట్లు ఇక్కడ రాయదగినవి కావు. రెండు నెలల తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు నేను ఎదురెళ్ళి, “ఎట్లుండావక్కా?” అన్నాను. చేతికర్రతో నన్ను పక్కకు తోసేసింది. “ఉండవే, దొడ్డికి పోయొస్తా. తర్వాత మాట్లాడతాం.” ఎవరి సాయమూ లేకుండా వరండా చివరిదాకా వెళ్ళి వచ్చింది. మా అందరికీ చూపించాలనే అప్పటిదాకా బిగపట్టుకుందని నా అనుమానం.

దీని నుంచి మీరు నేర్చుకోవాల్సింది తొమ్మిదో వరస అనుకుంటే మళ్ళీ నాలాగే పడతారు. నేనూ పడ్డాను. అది జరిగిన నెలకే ఇంకొక పెద్దావిడ వచ్చింది, తెల్లజుట్టు, కళ్ళద్దాలు. నా విద్య చూపించాలని స్టూలు వేసుకుని కూర్చుని, “అమ్మా, మీవారి పేరు నేను చెప్తా, మీరు అవునా కాదా అనండి” అన్నాను. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని, భర్త పేరు ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్పి, “నేను హైస్కూలు హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యాను. ఇంకేమైనా కావాలా?” అంది. చిత్తూరు పిల్ల ఆరోజు కూడా అక్కడే ఉంది. నా ఖర్మ.

ముసలివాళ్ళంటే గోడ మీది వరసలు కారు. ఒకామె చెప్పదు, ఇంకొకామె అరిచి చెబుతుంది. జాబితా చదవండి, కానీ దాన్ని చదివిన కళ్ళతోనే మనిషిని కూడా చూడండి. తలుపు చూపిస్తే తలుపు తీసి చూడండి. ఎంత పని అది? నాలుగడుగులు. మేడం గోడ మీది కాగితం తీసేస్తామన్నారు. నేనే ఉండనివ్వమన్నాను. తొమ్మిదో వరస దగ్గర ఎవరో పెన్నుతో నా బొమ్మ గీశారు, చేతిలో చెంబుతో. ముక్కు మరీ లావుగా వేశారు.

ఆరోజు పదకొండు ఇరవై నుంచి ఒంటిగంట దాకా ఆ వార్డులో ఉన్నవాళ్ళం వీళ్ళం. పేర్లు చెప్పను, ఎవరి పేరు ఎవరు అనకూడదో నాకు తెలియదు కదా. మెత్తగా మాట్లాడే మేడం. రాసిన కాగితాన్ని చించడానికి వెనుకాడని ఎముకల డాక్టరు. ‘అయోమయం’ అని రాసి, తర్వాత ముసలాయనకు తన టిఫిన్ డబ్బా ఇచ్చేసిన సిస్టరు. మూడు మాటలు చెప్పి మర్చిపోయిన చిత్తూరు పిల్ల. ఆమె వెనుక పందొమ్మిది మంది పిల్లలు, అందులో నా తలుపు మాట రాసుకున్నవాళ్ళు ఎందరో లెక్కపెట్టలేదు. గుడ్డ సంచితో ముసలాయన. చెంబుతో నేను. సరిగ్గా ఒంటిగంటకు, ఫ్యాక్టరీ చొక్కాతో, చెమటలు కక్కుతూ, ఎక్కడ సంతకం పెట్టాలని అడుగుతూ పరుగెత్తి వచ్చిన పెద్దోడు. ఇంక ఆమె. పెద్దోడు వచ్చేసరికి కాగితం మీద ఆమె వేలిముద్ర ఆరిపోయింది.